బండికి లక్ష, ఎర్త్‌కి బేరమా?

మండీబజార్, చార్‌బౌలి, శివనగర్, రంగశాయిపేట. వరంగల్‌లో మన మొహల్లాల్లో ఏ గల్లీలోకి వెళ్లినా ఇప్పుడు ఒకటో రెండో ఎలక్ట్రిక్ బండ్లు కనిపిస్తున్నాయి. పెట్రోల్ ఖర్చు తప్పుతుంది, నాలుగు పైసలు బచత్ అవుతాయని తీసుకున్నవాళ్లే ఎక్కువ. 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 దాకా రాష్ట్ర సర్కారు ఈ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. అంతా ఖైర్. మరి ఇంటికొచ్చిన బండికి రాత్రిపూట కరెంటు ఎక్కడి నుంచి ఇస్తున్నాం? చాలా ఇళ్లలో దివాన్‌ఖానా కిటికీలోంచి వేలాడే ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి.

నా రాయ్ సూటిగా చెబుతాను. చార్జింగ్ పాయింట్‌కి సొంత తీగ, సొంత ఎర్త్ ఉండాలి. ఆ పని పర్మిట్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాలి. అతని మజ్దూరీని బండి ధరలో భాగంగానే హిసాబ్ వేసుకోవాలి.

"ఇస్త్రీ పెట్టె అంత కరెంటు కూడా తీసుకోదు, ఇంత హంగామా దేనికి?" అంటారు. నిజమే, చాలా స్కూటర్ల ఇంటి చార్జర్లు 1 కిలోవాట్ లోపే. కానీ ఇస్త్రీ పెట్టె పక్కన మనిషి నిలబడి ఉంటాడు, పావుగంటలో పని అయిపోతుంది. చార్జర్ నాలుగైదు గంటలు, రోజూ, మనం నిద్రలో ఉండగా నడుస్తుంది. వదులైన సాకెట్, పాతికేళ్ల నాటి సన్నని తీగ అన్ని గంటల వేడిని ఓర్చుకోలేవు. కారైతే 15 ఆంప్స్ ప్లగ్గు మీదే 3 కిలోవాట్ల పైన లాగుతుంది. గోడకు బిగించే 7 కిలోవాట్ల చార్జర్‌కి 32 ఆంప్స్ దాకా కావాలి.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఓ 80 ఏళ్ల పెద్దమనిషి చనిపోయాడు. అదే నెల విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ ఒక ఇంటి యజమాని ప్రాణం తీసింది. బ్యాటరీ జిమ్మేదారీ కంపెనీది. ఆ ఏడాది డిసెంబర్ నుంచి కేంద్రం బ్యాటరీ పరీక్షలు కఠినం చేసింది కూడా. కానీ గోడలోని తీగ జిమ్మేదారీ ఇంటివాళ్లదే. బండిని మెట్ల కింద, గుమ్మానికి అడ్డంగా పెట్టి చార్జ్ చేయాలా వద్దా అన్నదీ మన చేతిలోదే. మంట లేస్తే పై అంతస్తులో పడుకున్న పిల్లలు దిగాల్సిన దారి అదే కదా.

మా ఇంట్లో పాయింట్ పెట్టడానికి వచ్చిన భయ్యా ముందు సాకెట్ జోలికే పోలేదు. "సాబ్, కరెంటు బిల్లు చూపించండి" అన్నాడు. బిల్లు మీద రాసి ఉన్న లోడ్ ఎంతో చూశాడు. అది చాలకపోతే ఎన్‌పీడీసీఎల్‌కి దరఖాస్తు పెట్టి పెంచుకోవాలన్నాడు. తర్వాత ఎర్త్ పరీక్షించాడు. మీటర్ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగ లాగి, 16 ఆంప్స్ ఎంసీబీ, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టాడు. కరెంటు కాస్త లీకైనా రెప్పపాటులో సప్లై కట్ చేసేది ఆ ఆర్‌సీసీబీనే. దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడమని మా ఆవిడకు చూపించి మరీ వెళ్లాడు.

ఎర్త్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. పాత ఇళ్లలో మూడో పిన్ను రంధ్రం ఉంటుంది, వెనక తీగ ఉండదు. ఎర్త్ లేకపోతే కొన్ని చార్జర్లు ఎర్రలైటు వేసి మొరాయిస్తాయి. అప్పుడు కొందరు కుర్రాళ్లు న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకి కలిపి లైటు ఆర్పేస్తారు. మాలిక్ ఖుష్, మేస్త్రీ ఖుష్. కానీ ఏ రోజైనా న్యూట్రల్ తెగితే బండి లోహమంతా కరెంటే. వానలో తడిసిన చేత్తో దాన్ని ముట్టుకునేది మన బిడ్డే కావచ్చు.

చార్జింగ్ స్టేషన్ల భద్రత కోసం 2019లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన నిబంధనల్లో ఇవే ఉన్నాయి: ప్రతి పాయింట్‌కి విడి సర్క్యూట్, 30 మిల్లీఆంప్స్ మించని లీకేజీ రక్షణ, ఎక్స్‌టెన్షన్ తీగ వద్దు. ఇంటికీ ఇంతకంటే మంచి కొలత లేదు.

కిరాయి ఇళ్లలో ఇది తగాదా అవుతోంది. నా లెక్కలో ఎర్తింగ్ గుంత ఇంటితోనే ఉండిపోతుంది కాబట్టి ఖర్చు మాలిక్‌ది. విడి తీగ, సాకెట్ ఖర్చు కిరాయిదారుది. గృహజ్యోతి జీరో బిల్లు వచ్చేవాళ్లు ఇంకో హిసాబ్ చూసుకోవాలి. స్కూటర్ రోజుకు 3 యూనిట్లు తీసుకుంటే నెలకు 90. మొత్తం వాడకం 200 దాటిన నెల పూర్తి బిల్లు కట్టాల్సిందే.

ఇక మన పిల్లల సంగతి. ఈ పనిలో హునర్ ఉన్న నౌజవాన్లు మన బిరాదరీలో చాలామంది ఉన్నారు. ఉస్తాద్ దగ్గర పదేళ్లు పని నేర్చుకుంటారు, కాగితం మాత్రం ఉండదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసి, రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు నుంచి వైర్‌మన్ పర్మిట్ తెచ్చుకుంటే పనికి తగ్గ మజ్దూరీ అడిగే హక్కు వస్తుంది. "మనోడే కదా, ఐదొందలకు చేస్తాడు" అనే బేరం వాళ్ల రోజీని కోస్తోంది, మన ఇంటి ఎర్త్‌నీ కోస్తోంది. బిడ్డ వైరింగ్ పని నేర్చుకుంటున్నాడని సంతోషపడే అమ్మీ, అబ్బాలు ఆ పర్మిట్ సంగతి కూడా ఈ ఏడాదే పట్టించుకోవాలి.

బండి బుక్ చేసిన రోజే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. పర్మిట్ ఉందా అని అడగండి. ఎర్త్ పరీక్షించి చూపించమనండి. పని అయ్యాక అడిగిన న్యాయమైన మజ్దూరీ అక్కడే చేతిలో పెట్టండి.