దేవాలయమునకు తగని వాద్యము గలదా?

ఆళ్లగడ్డ ప్రాంతమునుండి వచ్చి నంద్యాలలో మాయొద్ద చదువుకొనుచున్న యొక బాలుడు, గత సంవత్సరము ఒక ఆదివారము సాయంకాలమున చెవులకు యంత్రము తగిలించుకొని తల యూచుచుండగా చూచితిమి. అది పుచ్చుకొని మేమును వింటిమి. గిటారులు రంపములవలె కోయుచుండెను; డోళ్లు వడగండ్లవలె కురియుచుండెను; వాని నడుమ నొక మనుష్యుడు గొంతు చించుకొని గర్జించుచుండెను. ఒక్క మాటయు తెలియలేదు. ఇది సాతాను సంగీతమని కోపించితిమి. బాలుడు తల వంచుకొని, "కాదు సార్, ఇది యేసు పాట" అనెను.

మరునాడు ఆ పాటలోని మాటలను నోటుపుస్తకమున వ్రాసి తెచ్చెను. పాపపు ఒప్పుకోలు, కరుణకొఱకైన మొఱ్ఱ. ప్రతి ఆదివారమును మనము మెల్లగా, ఒక్కొక్కప్పుడు నిద్రమత్తుతో, చెప్పుకొనునదే. ఆళ్లగడ్డ శిల్పుల వీథిని పోవువారికి సుత్తిదెబ్బలే వినబడును గాని, ఆ దుమ్ములో ఏమి రూపు దాల్చుచున్నదో ఉలి పట్టినవాడే యెఱుగును.

ఈ సంగీతమునకు ఎక్స్‌ట్రీమ్ మెటల్ అని పేరు. దీనిలో నొక శాఖవారు నార్వే దేశమున క్రీస్తును దూషించుచు పాడిరి. వారిలో కొందఱు దేవాలయములను తగులబెట్టిరి. సుమారు 1150లో కట్టిన ఫాంటాఫ్ట్ కొయ్య దేవాలయము 1992లో కాల్చివేయబడెను. రెండేండ్లకు, 1994లో, జేసన్ షెర్లాక్ అను ఆస్ట్రేలియా డోలు వాద్యకాడు 'హోర్డ్' అను పేరిట అదే ధ్వనితో క్రీస్తును స్తుతించు పాటలు చేసెను. తన పేరు మాత్రము అందులో వేసికొనలేదు. ఫిన్లాండులో లూథరన్ సంఘమువారు 2006లో ఈ వాద్యములతోనే ఆరాధన జరుపుట ఆరంభించి, తమ పాత కీర్తనలనే పాడిరి.

ఈ సంగీతము మాకు నచ్చినదని చెప్పము. సంఘములో పలుకు మాట వినువారికి తెలియవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసినది మాకిప్పటికిని అడ్డుగానే యున్నది. అయితే వాద్యము మోటుదని, చప్పుడు ఎక్కువని త్రోసివేయుటకు మనకు హక్కెక్కడిది? నూట యేబదియవ కీర్తన గట్టిగా మ్రోగు తాళములను కూడ స్తుతికి పిలుచుచున్నది. మనము పవిత్రముగా నెంచు హార్మోనియము 1842లో పారిసునందు హక్కుపత్రము పొందిన యంత్రము. మన సంగీతమునకు తగదని ఆకాశవాణివారు దానిని 1940లో వెలివేసి, 1971లో గాని సడలింపలేదు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) దేవళముల కీర్తనలలో వినబడు రాగములనే క్రీస్తు పాటలకు కట్టిరి. నేడు వానిని పరాయివని యెవరనెదరు?

మఱి తప్పెట మాటయేమి? ఈ ప్రాంతమున తొలుత క్రీస్తును నమ్మినవారిలో పెక్కుమంది ఊరి వెలుపలి వాడలవారు. తప్పెట వారి యిండ్లలోనిది. అయినను మన దేవాలయములలో హార్మోనియమునకు బల్లయు గుడ్డయు గలవు. తప్పెటకు చోటు లేదు.

మా తప్పిదమును చెప్పుకొందుము. సుమారు పదునైదు సంవత్సరముల క్రిందట, మేము పనిచేయుచున్న యొక గ్రామమున, క్రిస్మసు రాత్రి ఒక ముసలాయన తప్పెట తెచ్చెను. "పెద్దాయనా, అది చావుకు వాయించునది గదా, బయట పెట్టి రండి" అంటిమి. ఆయన దానిని గోడకానించి వచ్చి, కడపటి వరుసలో కూర్చుండెను. మరుసటి సంవత్సరము రాలేదు. ఎందుకు రాలేదని మేమడుగలేదు.

రాబోవు క్రిస్మసు ఊరేగింపునకు ముందు తప్పెట నడువవలెనని మేము ఈ మధ్య పెద్దలతో అంటిమి. కొందఱొప్పుకొనలేదు. వారి అభ్యంతరములకు బదులు చెప్పగలిగితిమి గాని, ఒక తల్లి మాటకు చెప్పలేకపోతిమి. "మా నాయన తప్పెట విడిచి నన్ను బడికి పంపెను. నా కొడుకు చేతికి మరల తప్పెటనిచ్చెదరా, సార్?" అని ఆమె యడిగెను. పిలిచినప్పుడెల్ల పోయి, కూలి లేక వాయించిన చేతులను ఆమె చూచినది, మేము చూడలేదు. కావున ఏ వాడ బాలునికిని తప్పెట అతని పనియని చెప్పి ఇయ్యరాదనియు, నేర్చినచో అందఱును, మొదట ఉపాధ్యాయులే, నేర్వవలెననియు మా అభిప్రాయము.

ఇప్పుడు ప్రతి శనివారము సాయంకాలము వేపచెట్టు క్రింద గడ్డిమంట వేసి తప్పెట కాచుచున్నాము. ముగ్గురు ఉపాధ్యాయులును కొందఱు బాలబాలికలును వచ్చుచున్నారు. మా చేయి యింకను లయ తప్పుచునే యున్నది. ఆ మెటల్ పాటల బాలుడు రెండు వారములలోనే దరువు పట్టుకొనెను. ఆ తల్లి ఒకనాడు వచ్చి, గోడప్రక్కను నిలిచి కొంతసేపు చూచి, ఏమియు అనక వెళ్లినది.