పైపు వేస్తే చాలదు, పక్కవాళ్లతో ఒప్పందం ఉండాలి

చలికాలం వస్తే మనం ఇక్కడ బెంటన్‌విల్‌లో హీటర్ వేసుకుంటాం, నెలాఖరుకి గ్యాస్ బిల్లు చూసి తిట్టుకుంటాం. ఆ గ్యాస్ ఎక్కడ్నుంచి వస్తుందో మాత్రం అడగం. మేమూ 2021 ఫిబ్రవరి దాకా అడగలేదు.

ఆ మంచు తుఫాను గుర్తుందా? టెక్సాస్‌లో గ్యాస్ బావులు, పైపులు గడ్డకట్టి కరెంటు ప్లాంట్లు ఆగిపోయాయి. వాళ్ల గ్రిడ్‌కి పక్క రాష్ట్రాలతో లైన్లు చాలా తక్కువ. లక్షల ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ప్రభుత్వ లెక్కలోనే 246 మంది పోయారు. మన వైపు గ్రిడ్ చూసేది లిటిల్ రాక్‌లోని సౌత్‌వెస్ట్ పవర్ పూల్. అది చాలా రాష్ట్రాలు కలిసి నడుపుకునేది. వాళ్లూ చరిత్రలో మొదటిసారి కోతలు పెట్టారు, కానీ అవి గంటల్లో ముగిశాయి. తూర్పు పక్కవాళ్లు కరెంటు పంపారు మరి.

మనతో కాంక్రీటు పోసే మెక్సికో అన్నల సంగతి వేరు. ఉత్తర మెక్సికో ప్లాంట్లు టెక్సాస్ గ్యాస్ మీదే నడుస్తాయి. ఫిబ్రవరి 15న అక్కడ దాదాపు 47 లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది. 17న టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ గ్యాస్ రాష్ట్రం దాటకూడదని ఆర్డర్ వేశారు. పైపు ఉంది. కష్టకాలంలో ఎవరికెంత అన్న ఒప్పందం గట్టిగా లేదు.

మన దేశానికీ ఇదే దెబ్బ తగిలింది. మయన్మార్ సముద్రంలో దొరికిన ష్వే గ్యాస్‌లో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కి, గెయిల్‌కి వాటా ఉంది. బంగ్లాదేశ్ మీదుగా పైపు వేద్దామని 2005 జనవరిలో మూడు దేశాల మంత్రులు రంగూన్‌లో కూర్చున్నారు. నేపాల్, భూటాన్ కరెంటు మీ భూమి మీదుగా మాకు రానివ్వండి అని బంగ్లాదేశ్ అడిగింది. బేరం తెగలేదు. 2013 నుంచి ఆ గ్యాస్ చైనాకి పోతోంది. మనం ఖతార్ నుంచి ఓడల్లో తెచ్చుకుంటున్నాం.

అసలు బాధ ఏంటంటే, 2024 నవంబరులో నేపాల్ కరెంటు మన లైన్ల మీదుగా బంగ్లాదేశ్‌కి చేరింది. అప్పుడు వాళ్లు అడిగిందే! పందొమ్మిదేళ్లు ఆలస్యంగా ఒప్పుకున్నాం.

"పక్క దేశాన్ని ఎలా నమ్ముతాం, రేపు వాల్వ్ తిప్పేస్తే?" అంటారు. న్యాయమైన భయమే. అందుకే ఒక్కరి చేతిలోనే వాల్వ్ ఉండకూడదు. మన గ్యాస్ వాళ్ల నేల మీదుగా, వాళ్ల కరెంటు మన నేల మీదుగా పోతే, ఆపినవాడికీ నష్టమే. ఊళ్లో పక్కింటి స్థలంలోంచి డ్రైనేజీ పైపు వేయాలంటే ఏం చేస్తాం? ముందు పెద్దమనుషుల మధ్య కూర్చుని కాగితం రాసుకుంటాం, తర్వాతే గునపం పడతాం. దేశాలకైనా అదే పద్ధతి.

మేము పదో తరగతి చదువుకున్నవాళ్లం, తప్పుంటే చెప్పండి. కానీ ఊళ్లో ఓట్లడగడానికి వచ్చేవాళ్లని సిలిండర్ ధర ఒక్కటే అడగొద్దని మీ ఇంట్లోవాళ్లకి చెప్పండి. పక్క దేశాలతో గ్యాస్ ఒప్పందాలు ఎంతవరకు వచ్చాయో కూడా అడగమనండి.