‘డబ్బు కట్టేశాం కదా’ డైవులు

ఓడ కోజుమెల్‌లో పొద్దున 8 నుంచి సాయంత్రం 4 దాకా ఆగుతుందట, రెండు డైవులు ‘హాయిగా’ పడతాయట! ఈ లెక్క తప్పని మేమంటాం.

వేసవిలో ఓడ మయామీ టైమే పాటిస్తే దాని గడియారం ఊరి గడియారం కంటే గంట ముందుంటుంది. పడవవాడు ఒంటిగంటకి తెస్తానంటే ఏ ఒంటిగంటో అడిగారా? ఓడ కదలడానికి అరగంట ముందే ఎక్కెయ్యాలి కూడాను. పలాంకార్ పగడపు దిబ్బలేమో దీవికి దక్షిణపు కొసన. అక్కడ ప్రవాహం ఎటు తోస్తే అటే పోవాలి. మనం తేలినచోటికి పడవ రావాలి. గౌతమి పోటూపాటూ చూసి పడవ కట్టిన యానాం వాళ్ళకి ఇదొకరు చెప్పాలా?

అసలు కోపం వేరే. కిందటిసారి మా తమ్ముడి కొడుకు జలుబుతోనే దిగాడు. ఎందుకురా అంటే, “డబ్బు కట్టేశాం కదా పెదనాన్నా” అన్నాడు. చెవి నెల్లాళ్ళు వేధించింది. కట్టిన డబ్బుకి చెవి కూడా కలిపి ఇవ్వాలా?

ఒక్క డైవు చాలు. రెండు చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్ల నియమం. టికెట్లు తీసేవాళ్ళు ముందు అది చూడండి. లేదంటారా, ఈసారి మేం ఓడ దిగం.