బండి చెప్పిన సాక్ష్యం

మా చెల్లెలి కొడుకు కెనడాలో ఇంజనీరు. కుర్రవాడు బుద్ధిమంతుడు. వాడికి ఉన్నదల్లా పాత మిలిటరీ లారీల పిచ్చి. కొందరు తపాలా బిళ్ళలు పోగుచేస్తారు, కొందరు నాణేలు పోగుచేస్తారు. వీడూ వీడి స్నేహితులూ రెండో ప్రపంచయుద్ధం నాటి తుప్పు లారీలను ఎవరి కొట్టాల్లోంచో లాక్కొచ్చి, బాగుచేసి, రంగులు వేసి నడుపుతారు. "పెట్రోలు ఎవరు పోస్తార్రా?" అంటే నవ్వి ఊరుకుంటాడు.

కిందటి సంక్రాంతికి సెలవు మీద వచ్చాడు. భోజనాలైన తరువాత, నా ఖర్మ కాలి, "లారీకి అన్ని పేర్లెందుకురా? లారీ లారీయే కదా!" అన్నాను.

వాడు చాప మీద సర్దుకుని కూర్చున్నాడు. ఆ పూట నాకు నిద్ర లేదని అప్పుడే తెలిసిపోయింది.

"మొదట బరువు చూడాలి మావయ్యా" అన్నాడు. అమెరికా సైన్యంలో పేరుమోసిన బండి జి.ఎం.సి. వారి రెండున్నర టన్నులది. సిపాయిలు దాన్ని 'డ్యూస్ అండ్ ఎ హాఫ్' అనేవారు. డ్యూస్ అంటే పేకలో రెండు. ఆ రెండున్నర టన్నులు బండి బరువు కాదు. రోడ్డు లేనిచోట, బురదలో, గతుకుల్లో అది మోయవలసిన బరువు. మంచి రోడ్డు మీద ఇంకా ఎక్కువే మోసేది. ఇంగ్లీషువాళ్ళు చిన్నబండ్లను హండ్రెడ్‌వెయిట్లలో కొలిచేవారు. పేరుకు వంద గాని, అందులో ఉండేవి 112 పౌన్లు. అలాంటివి ఇరవై అయితే వాళ్ళ టన్ను, అంటే 2,240 పౌన్లు. అమెరికావాళ్ళ టన్నుకు 2,000 పౌన్లే. మా ఊరి కట్టెల అడితిలో కాటాయే నయమనిపించింది.

"ఇక అక్షరాలు" అన్నాడు. ఆ జి.ఎం.సి. బండి అసలు పేరు సి-సి-కె-డబ్ల్యు అట. మొదటి సి అంటే 1941 నాటి నమూనా. రెండో సి అంటే మామూలు క్యాబు. కె అంటే ముందు చక్రాలను కూడా ఇంజను తిప్పుతుంది. డబ్ల్యు అంటే వెనక ఇరుసులు రెండింటికీ ఇంజను బలం అందుతుంది. జాతకచక్రం చదివినట్టు చదివేశాడు. మొదటి అక్షరం డి అయితే 1942. రెండోది యు అయితే నీళ్ళలో కూడా నడిచేది. అలా డి-యు-కె-డబ్ల్యు అనే బండి పుట్టింది. సిపాయిలు ఆ నాలుగక్షరాలూ కలిపి 'డక్' అన్నారు. నీళ్ళలో ఈదే బండికి బాతు అనే పేరు దానంతటదే వచ్చి కూర్చుంది!

నాకూ కొంత తెలుసునని చూపించుకోవాలి గదా. "జీపు సంగతి నాకు తెలుసులేరా. జనరల్ పర్పస్, అంటే జి.పి., అదే జీప్" అన్నాను.

వాడు నాకేసి జాలిగా చూశాడు. ఫోర్డు వారి జీపు మీద జి-పి-డబ్ల్యు అని ఉంటుందట. జి అంటే గవర్నమెంటు. పి అంటే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 80 అంగుళాలు. డబ్ల్యు అంటే విల్లీస్ వారి నమూనా. జనరలూ లేడు, పర్పసూ లేదు. పైగా సైన్యం వారి విడిభాగాల జాబితాలో జీపు జి-503, ఆ రెండున్నర టన్నుల బండి జి-508. ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఇద్దరు కలుసుకుంటే నంబరు చెప్పుకుంటే చాలునట.

"మనవాళ్ళు మాత్రం తక్కువా?" అన్నాడు మళ్ళీ. 1959 నుంచి జబల్పూరులో తయారైన శక్తిమాన్ లారీ జర్మనీలోని మాన్ కంపెనీ వారి నమూనా. సంస్కృతంలో చూస్తే శక్తి గలవాడు, తోక పట్టుకు చూస్తే కంపెనీ పేరు! అక్కడే చేసిన జోంగా పేరు జబల్పూరు ఆర్డ్‌నెన్స్, గన్ క్యారేజ్ అసెంబ్లీ అనే మాటల్ని కుదించి పెట్టినది.

ఇంతవరకూ నవ్వుతూనే విన్నాను. అప్పుడు వాడి చూపు గోడ మీది పటం మీద పడింది.

మా పెదనాన్నా, నాన్నా ఇద్దరూ యుద్ధంలో లారీ డ్రైవర్లు. పెదనాన్న 1941 మార్చిలో ఎరిట్రియాలో పోయాడు. నాన్న ఆ మరుసటి ఏడు చేరి, బర్మా సరిహద్దులో పనిచేసి, 1946లో తిరిగివచ్చాడు. ఆ పటం పెదనాన్నది. లారీ మడ్‌గార్డుకు ఆనుకుని నిలబడ్డ పడుచువాడు, టోపీ నీడలో సగం ముఖం. ఆయనకున్న ఫొటో అదొక్కటే. ఏటా తద్దినం నాడు నాన్నే స్వయంగా దానికి దండ వేసేవాడు.

వాడు కుర్చీ ఎక్కి, టార్చి వేసి చూశాడు. "కెనడా బండి మావయ్యా. సి-60-ఎల్" అన్నాడు. సి అంటే షెవర్లే. ఎఫ్ అయితే ఫోర్డు. 60 అంటే అరవై హండ్రెడ్‌వెయిట్లు, మూడు టన్నులు. ఎల్ అంటే పొడుగు చట్రం. యుద్ధకాలంలో కెనడా ఈ జాతి బండ్లు నాలుగు లక్షలకు పైగా చేసింది. ఫోర్డూ షెవర్లే బయటికి కవలల్లా ఉండేవి, ఇంజన్లు మాత్రం వేరు. క్యాబులకు 11, 12, 13 అని నంబర్లున్నాయి. పదమూడో దానిలో ముందు అద్దం పైభాగం ముందుకు, కిందిభాగం లోపలికి వాలి ఉంటుంది. ఎండకు అద్దం తళుక్కుమంటే పైన విమానంలోని శత్రువు కంట పడుతుందని అలా చేశారట.

"ఈ అద్దం చూడు. ఇది క్యాబ్ 13" అని, వాడు కాస్త ఆగాడు. "క్యాబ్ 13 వచ్చింది 1941 చివర్లో మావయ్యా. పెద్దతాతయ్య మార్చిలోనే పోయారన్నావుగా?"

నేను మాట్లాడలేకపోయాను. అన్నదమ్ములిద్దరిదీ ఒకే పోలిక అని నాయనమ్మ అంటుండేది. నా చిన్నతనంలో నాన్న ఓసారి ఆ పటం కేసి చూస్తూ, "ఆ బండికి పల్లంలో రెండో గేరు జారిపోయేది" అన్నాడు. పెదనాన్న ఉత్తరంలో రాశాడు కాబోలు అనుకున్నాను.

పేరు లేని ఫొటో ఒకటి టపాలో వచ్చి ఉంటుంది. చదువురాని నాయనమ్మ తన పెద్దకొడుకే అనుకుని పటం కట్టించి ఉంటుంది. నాన్న తిరిగి వచ్చేసరికి ఆ పటానికి బొట్టూ, దండా. బతికున్నవాడి పటానికి దండ వేయకూడదంటారు. అయినా ఆయన నోరు మెదపలేదు. నాయనమ్మ పోయిన తరువాత కూడా చెప్పలేదు. చెబితే అన్నకు గోడ మీద చోటుండదు. నలభై ఏళ్ళకు పైగా తన పటానికి తానే దండ వేశాడు.

వాడు పటం దింపి, వెనక అట్ట మీద పెన్సిలుతో 'షెవర్లే సి-60-ఎల్, క్యాబ్ 13' అని రాశాడు. "మనిషి పేరు నువ్వు రాయి మావయ్యా" అని పెన్సిలు నా చేతికిచ్చాడు.

నాన్న పేరు రాశాను. దాని కింద 'అన్నగారి తరఫున' అని చేర్చి, పటాన్ని మళ్ళీ అక్కడే తగిలించాను.