పాత స్టీరియో విప్పండి.. ఇంటర్వ్యూలో పనికొస్తుంది!

క్యాంపస్ ఇంటర్వ్యూల సీజన్‌లో ఈసీఈ, ఈఈఈ వాళ్ల రెజ్యూమెలు ఓ పది వరసగా పెట్టి చూడండి. ప్రాజెక్టు అన్న చోట లైన్ ఫాలోవర్ రోబో, హోమ్ ఆటోమేషన్, స్మార్ట్ డస్ట్‌బిన్.. ఇవే తిరిగి తిరిగి కనిపిస్తాయి. తప్పు ఆ ప్రాజెక్టులది కాదు. కిట్ కొన్నారు, కోడ్ ఎక్కడో దొరికింది, బొమ్మలో ఉన్నట్టే వైర్లు కలిపారు, ఎల్‌ఈడీ వెలిగింది. అంతే. ‘ఈ కెపాసిటర్ ఇక్కడెందుకు పెట్టావ్?’ అని ఎదుటి మనిషి ఒక్క ప్రశ్న వేస్తే మాత్రం నోరు పెగలదు. ఎందుకంటే దాన్ని అక్కడ పెట్టింది మనం కాదు, కిట్ తయారుచేసినవాడు.

నా సలహా కొంచెం వింతగా అనిపించొచ్చు. ఒక పాత కారు స్టీరియో సంపాదించండి. కంపెనీ నుంచి కారుతో పాటే వచ్చిన రకం. దానికి ఆక్స్ ఇన్‌పుట్ పెట్టి, ఫోన్‌లో పాట కారు స్పీకర్లలో మోగేలా చేయండి. చూడ్డానికి ఇది కార్ డెకార్ షాపు పని. దిగి చూస్తే మాత్రం పరీక్షల కోసం బట్టీ పట్టిన అనలాగ్ ఎలక్ట్రానిక్స్ పాఠాలు ఒక్కొక్కటీ అందులో ఎదురుపడతాయి.

అవసరం మన దారిలోనే ఉంది

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం, పాల్వంచ దాటాక అడవి పలకరిస్తుంది. భద్రాచలం దాటి చింతూరు వైపు వెళ్తే ఇంకా చిక్కటి అడవి. ఆ దారుల్లో ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఆన్‌లైన్ పాట చరణం మధ్యలో ఆగిపోతుంది. కాబట్టి ఫోన్‌లో ముందే ఎక్కించుకున్న పాటలే దిక్కు. మరి ఆ ఫోన్‌ని కారుకి కలపడం ఎలా?

2000 తర్వాత తొలి పదేళ్లలో మన రోడ్ల మీదికొచ్చిన చాలా కార్లలో కంపెనీ స్టీరియో అంటే రేడియో, క్యాసెట్, మహా అయితే సీడీ. ఆపిల్ ఐపాడ్ వచ్చిందే 2001 అక్టోబరులో. జేబులో పాటలు మోసుకెళ్లడం మనకు అలవాటయ్యేసరికి ఆ స్టీరియోలు డాష్‌బోర్డుల్లో బిగిసి కూర్చున్నాయి. ఆంప్లిఫయర్ బాగుంది, స్పీకర్లు బాగున్నాయి. లేనిదల్లా పాట లోపలికి వెళ్లే దారి ఒక్కటే.

నాలుగు దారులు.. ఒక నిర్ణయం

మొదటిది ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్. లైటర్ సాకెట్‌లో పెడితే ఫోన్ పాటని చిన్న రేడియో స్టేషన్‌లా పంపిస్తుంది. స్టీరియో విప్పక్కర్లేదు. అడవి దారిలో ఎఫ్‌ఎం బ్యాండు దాదాపు ఖాళీ కాబట్టి బాగానే పని చేస్తుంది. స్టేషన్లున్న ఊరికి దగ్గరయ్యేకొద్దీ అసలు స్టేషన్ దీన్ని మింగేస్తుంది.

రెండోది క్యాసెట్ అడాప్టర్. క్యాసెట్ ఆకారంలోనే ఉంటుంది, లోపల టేపుకి బదులు చిన్న మాగ్నెటిక్ హెడ్. అది స్టీరియో హెడ్‌కి ఎదురుగా నిలబడి పాట అందిస్తుంది. సీడీ మాత్రమే ఉన్న సెట్లకి ఇది పనికిరాదు.

మూడోది, స్టీరియో వెనక సీడీ ఛేంజర్ కోసం వదిలిన సాకెట్. ఇక్కడ చిక్కేంటంటే ఆడియో వైర్లు కలిపితే సరిపోదు. అవతల నిజంగా ఛేంజర్ ఉందని డేటా లైన్ మీద జవాబు వస్తేనే చాలా సెట్లు ఆ ఇన్‌పుట్‌ని తెరుస్తాయి. అందుకే ఛేంజర్‌లా నటించే అడాప్టర్ కావాలి.

నాలుగోది బోర్డు మీదే దారి వెతకడం. టేప్, సీడీ, రేడియో సిగ్నళ్లు మూడూ వచ్చి కలిసే చోట ఒక ఆడియో ప్రాసెసర్ ఐసీ ఉంటుంది. దాని పేరు చూసి డేటాషీట్ తీయండి. ఉదాహరణకి టీడీఏ 7313 అనే ఐసీకి మూడు స్టీరియో ఇన్‌పుట్లు ఉంటాయి. ఒకటి ఖాళీగా ఉంది కదా అని సంబరపడకండి. దాన్ని ఎంచుకోమని మైక్రోకంట్రోలర్ ఐటూసీ లైన్ మీద ఆదేశమివ్వాలి, ఆ ప్రోగ్రామ్ మన చేతిలో లేదు. కాబట్టి సీడీ వాడుతున్న ఇన్‌పుట్‌నే మనం పంచుకోవాలి. స్విచ్ ఉన్న జాక్ పెడితే, పిన్ను దూర్చగానే సీడీ లైన్ తెగి ఫోన్ లైన్ కలుస్తుంది. సెట్టు సీడీ మోడ్‌లోనే ఉండాలి కాబట్టి శబ్దం లేని ఒక సీడీ లోపల తిరుగుతుండాలి.

గమనించారా? పని ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే నాలుగు దారుల్లో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది. ఖర్చు, శబ్దం నాణ్యత, వెనక్కి తీయగలమా లేదా, ఎవరు వాడతారు.. ఇవన్నీ తూకం వేసి నిర్ణయం తీసుకోవడమే ఇంజినీరింగ్. కిట్ ప్రాజెక్టులో లేనిది ఈ నిర్ణయమే.

మూడు ప్రశ్నలు, మూడు పాఠాలు

ఒకటి.. లెవల్. కొందరు ఫోన్ వైరుని తీసుకెళ్లి నేరుగా టేప్ హెడ్ వైర్లకి కలిపేస్తారు. పాట చిరిగిపోయినట్టు వస్తుంది. హెడ్ ఇచ్చేది మిల్లీవోల్టు కంటే తక్కువ సిగ్నల్. ఫోన్ ఇచ్చేది అర వోల్టు దాకా. తేడా వందల రెట్లు. పైగా ఆ ప్రీఆంప్లిఫయర్ టేపు కోసమని బాస్‌ని అదనంగా పెంచుతుంది. అందుకే దాని ముందు కాదు, దాని తర్వాత, వాల్యూమ్ కంట్రోల్‌కి ముందు కలపాలి. ‘గెయిన్ అంటే ఏమిటి?’ అన్న ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు పుస్తకంలో దొరకదు.

రెండు.. డీసీ. కారులో ఉన్నది ఒకే సప్లై, మైనస్ వోల్టేజి లేదు. అందుకే ఐసీ లోపల ఆడియో లైన్లు సప్లైలో సగం వోల్టేజి మీద కూర్చుని ఉంటాయి. ఆ డీసీ ఫోన్‌లోకి పోకూడదు, పాట మాత్రం ఇటు రావాలి. ఆ కాపలా పనే కెపాసిటర్‌ది. ఎంత విలువ? ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 50 కిలో ఓమ్‌లు అనుకుందాం. 1 మైక్రోఫారడ్ పెడితే కటాఫ్ దాదాపు 3 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అంటే బాస్ మొత్తం వస్తుంది. 0.1 పెడితే 32 హెర్ట్జ్. డప్పు మోతలో అడుగు కాస్త పలుచనవుతుంది. ఇప్పుడెవరైనా ‘కెపాసిటర్ ఎందుకు పెట్టావ్?’ అని అడగనివ్వండి!

మూడు.. గ్రౌండ్. పాట బాగానే వస్తోంది. ఫోన్‌ని కారు ఛార్జర్‌కి పెట్టగానే ‘కూయ్’మని ఒక ఈల. ఎక్సలేటర్ తొక్కేకొద్దీ ఈల శ్రుతి పెరుగుతుంది. ఛార్జర్ తీస్తే మాయం. ఇది గ్రౌండ్ లూప్. ఫోన్‌కి గ్రౌండ్ రెండు దారుల్లో అందుతోంది, ఛార్జర్ నుంచి ఒకటి, ఆక్స్ వైరు నుంచి మరొకటి. ఆ రెండు చోట్ల మధ్య ఉన్న చిన్న వోల్టేజి తేడా, ఆల్టర్నేటర్ గోలతో సహా, ఆడియోలో కలిసిపోతోంది. రెండు గ్రౌండ్లూ ఒకే చోటికి తేవాలి, లేదంటే మధ్యలో చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసోలేటర్ పెట్టాలి.

ఈ మూడో పాఠం విలువ తెలియాలంటే మళ్లీ మన రోడ్డు మీదికే రండి. పాల్వంచలో కేటీపీఎస్, సారపాకలో ఐటీసీ పేపర్ మిల్లు, మణుగూరు దగ్గర భారజల కర్మాగారం. ఇలాంటి ప్లాంట్లలో సెన్సర్ల నుంచి కంట్రోల్ రూమ్‌కి రీడింగులు మోసుకెళ్లే 4-20 మిల్లీఆంపియర్ల లూపుల్ని కూడా వేధించే జబ్బుల్లో ఇదొకటి. అక్కడా మందు ఐసోలేషనే. కారులో ఈల పట్టుకున్నవాడికి ప్లాంటులో తప్పుడు రీడింగ్ ఎక్కణ్నుంచి వస్తుందో వెతికే పద్ధతి కొత్తగా అనిపించదు.

‘కొత్తది కొంటే పోలా?’

మీలో చాలామంది ఇప్పటికే ఈ మాట అనుకుని ఉంటారు. బ్లూటూత్ స్టీరియోలు చవగ్గా దొరుకుతున్నప్పుడు ఈ తంటా ఎందుకని. న్యాయమైన ప్రశ్నే. కొన్ని కార్లకి నిజంగానే కొత్తది బిగించడమే మంచిది. రోజంతా బండి నడిపే డ్రైవర్‌కి వైరు గొడవ లేకపోవడమే సుఖం. కానీ కొన్ని కార్లలో స్టీరియో డాష్‌బోర్డులో భాగంగానే పోత పోసినట్టుంటుంది. తీస్తే వేరే ఫ్రేమ్ కావాలి, స్టీరింగ్ మీది బటన్లు పనిచేయడం మానేస్తాయి. ఏది ఎప్పుడు సరైనదో చెప్పగలగడమే మీ విలువ. ‘మార్చేయండి సార్’ అనడానికి డిగ్రీ అక్కర్లేదు.

పైగా గాలి రిపేరు వైపు మళ్లుతోంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. కొత్త ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చాయి. పనిచేసే వస్తువుని పారేయకుండా నిలబెట్టడం ఇకపై పేదవాడి అవసరం మాత్రమే కాదు.

ఇంకో అభ్యంతరం, ‘నేను సాఫ్ట్‌వేర్‌కి వెళ్తాను, సోల్డరింగ్ నాకెందుకు?’ ఈల ఎక్కణ్నుంచి వస్తోందో ఎలా పట్టుకున్నాం? ఒక్కో కనెక్షన్ తీసేస్తూ, ఒకసారికి ఒక్క మార్పే చేస్తూ. కోడ్‌లో బగ్ పట్టుకోవడం కూడా అచ్చం ఇంతే.

ఎలా మొదలుపెట్టాలి?

నడుస్తున్న కారు మీద మాత్రం మొదలుపెట్టొద్దు. కార్ డెకార్ షాపుల్లో, పాత ఇనుప సామాన్ల దుకాణాల్లో మార్చేసిన స్టీరియోలు మూలన పడుంటాయి, అడగండి. పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ ఉంటే దాని 12 వోల్టుల లైన్‌తో బల్ల మీదే నడపొచ్చు. మధ్యలో ఫ్యూజ్ తప్పనిసరి. కొన్ని సెట్లు కరెంటు తీసి పెడితే కోడ్ అడుగుతాయి, అది తెలియకపోతే ఆ సెట్ తీసుకోకండి. స్పీకర్ మైనస్ వైరుని బాడీకి కలపొద్దు. ఈ ఆంప్లిఫయర్లలో రెండు స్పీకర్ వైర్లూ సగం వోల్టేజి మీదే ఉంటాయి, గ్రౌండ్ చేస్తే ఐసీకి ప్రమాదం. తర్వాత కారులో బిగించాల్సి వస్తే బ్యాటరీ మైనస్ తీశాకే చేయి పెట్టండి, ఎయిర్‌బ్యాగ్ పసుపు కనెక్టర్ల జోలికి అసలు పోవద్దు.

చేసినదంతా రెండు పేజీల్లో రాసుకోండి. సమస్య ఏమిటి, ఏ దారులు చూశారు, ఏది ఎందుకు వదిలేశారు, ఎక్కడ ఎంత వోల్టేజి కొలిచారు, ఏది పనిచేయలేదు, చివరికి ఎలా కుదిరింది. బోర్డు ఫొటోలు, చేత్తో గీసిన సర్క్యూట్ జతచేయండి. తెలుగులోనే ఆలోచించి రాసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చుకున్నా నష్టం లేదు. రెజ్యూమెలో ఒక్క లైను చాలు: ‘ఆక్స్ లేని కారు స్టీరియోకి లైన్ ఇన్‌పుట్ అమర్చి, గ్రౌండ్ లూప్ శబ్దాన్ని తొలగించాను.’

ఇది చేస్తే ఉద్యోగం వచ్చేస్తుందని నేను చెప్పను. అలా చెప్పేవాళ్లని నమ్మొద్దు కూడా. కానీ ఈ లైను చూసిన ఏ ఇంజినీరైనా ‘ఎలా తొలగించావ్?’ అని అడక్కుండా ఉండడం కష్టం. అక్కణ్నుంచి పది నిమిషాలు మీకు బాగా తెలిసిన విషయం మీదే మాట నడుస్తుంది. ఖమ్మంలో చదివినా, భద్రాచలంలో చదివినా, హైదరాబాద్‌లో పెద్ద కాలేజీలో చదివినా ఆ పది నిమిషాల్లో తేడా ఉండదు. మాట్లాడేది మీరు చేసిన పనే.