పిరస్ లెక్క

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన సామెత. పాశ్చాత్యులు అలాంటి గెలుపును ఒక రాజు పేరు పెట్టి ‘పిరిక్ విజయం’ అన్నారు. ఆ రాజు పిరస్. గ్రీసుకు వాయవ్యాన ఉన్న ఎపిరస్ అతని రాజ్యం.

రోమ్‌తో తగాదా పడ్డ టారెంటం అనే దక్షిణ ఇటలీ గ్రీకు నగరం సాయానికి పిలిస్తే, క్రీ.పూ. 280లో 20 ఏనుగులతో, పాతిక వేలమంది సైన్యంతో సముద్రం దాటాడు. హెరాక్లియా దగ్గర మొదటి యుద్ధం. శత్రువులు తనమీదే గురిపెట్టారని గ్రహించి, తన అంగీని, కవచాన్ని మెగాక్లీస్ అనే సహచరుడికి తొడిగించాడు. మెగాక్లీస్ చచ్చిపోయాడు. రాజే పోయాడనుకుని సైన్యం బెదిరింది. పిరస్ శిరస్త్రాణం తీసేసి, ముఖం కనబడేలా గుర్రంమీద బారులన్నీ తిరగాల్సి వచ్చింది. చివరికి ఏనుగులను చూసి రోమన్ గుర్రాలు హడలిపోవడంతో గట్టెక్కాడు.

మరుసటి ఏడు ఆస్కులంలోనూ అతనిదే గెలుపు. రోమన్లు 6,000 మంది, తనవాళ్లు 3,505 మంది పోయారని అతని ఆస్థాన దస్త్రాల్లో రాసుకున్నారట. ఆ చివరి అయిదుగురిని కూడా వదలకుండా లెక్కపెట్టించాడు చూడండి! అభినందించవచ్చిన మనిషితో, ఇలాంటి గెలుపు ఇంకొక్కటి దక్కితే మన పని సరి అన్నాడని ప్లూటార్క్ రాశాడు.

లెక్క చూస్తే రోమ్‌దే ఎక్కువ నష్టం. కానీ పిరస్ పోగొట్టుకున్నది ఇంటి దగ్గర్నుంచి వెంట తెచ్చుకున్న స్నేహితులను, సేనానులను. వాళ్ల చోటు నింపడానికి సముద్రం ఇవతల ఎవరూ లేరు. రోమ్‌కు మాత్రం ఊటలా కొత్త దళాలు వస్తూనే ఉన్నాయి. బొటాబొటీ ఆధిక్యంతో నెగ్గిన ప్రతి ఎన్నికకూ మన పత్రికలు ఈ పేరు తగిలించడం నాకు సరిగా తోచదు. పోయినదాన్ని మళ్లీ సమకూర్చుకోలేని వాడి గెలుపుకే ఇది చెల్లుతుంది.

అంత తెలిసినవాడు ఆగాడా? సిసిలీ మీదికి వెళ్లాడు, తిరిగొచ్చి 275లో బెనెవెంటం దగ్గర మళ్లీ రోమ్‌తో తలపడ్డాడు. స్వదేశం చేరేసరికి మిగిలింది 8,000 మంది కాల్బలం, 500 గుర్రాలు. వాళ్లను పోషించడానికి డబ్బులేక ఇంకో యుద్ధం వెతుక్కున్నాడు. 272లో ఆర్గోస్ వీధుల్లో, ఒక ముసలమ్మ ఇంటిమీద నుంచి విసిరిన పెంకు దెబ్బకు గుర్రంమీద నుంచి పడి, శత్రువుల చేతిలో చనిపోయాడు. ఏ నగరం కోసం ఇటలీ వెళ్లాడో ఆ టారెంటం అదే ఏడు రోమ్‌కు లొంగిపోయింది.