కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నానట!

ఆ మాట అన్నది మా మరదలు. మల్లాపూర్లో, మా తమ్ముడింట్లో, పదిమంది చుట్టాల మధ్య అన్నది. అన్నందుకు నాకు కోపం రాలేదు గాని, సమయానికి సామెత ఎలా కుదిరిందో చూడండి. నిజంగానే మా ఇద్దరి మధ్యా ఉన్నవి కోడిగుడ్లే!

సంగతేమిటంటే, మా మేనల్లుడు దుబాయి నుంచి నెల్లాళ్ళ సెలవు మీద వచ్చాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫుకు మనిషిని పంపని వీధి అరుదు. అలా వచ్చినవాణ్ణి చూడ్డానికి చుట్టాలు రావడమూ, వచ్చినవాళ్ళకి వండి పెట్టడమూ ఉండేదే. ఆ ఆదివారం కోరుట్ల నుంచి బంధువులొచ్చారు. మా మరదలు కోడిగుడ్డు పులుసు తలపెట్టింది. ఇరవై గుడ్లు ఒక్క గిన్నెలో కుక్కి, నీళ్ళు పోసి, మంట పెద్దది చేసి, ముచ్చట్లలో పడిపోయింది. అరగంట గడిచింది. గుడ్లు ఒకదాన్నొకటి ఢీకొంటూ టకటకలాడుతున్నాయి. దించేసరికి నాలుగు పగిలి తెల్లసొన నురగలా పైకొచ్చింది. వలుస్తూంటే పెంకుతోపాటు సగం గుడ్డు ఊడి రావడం మొదలెట్టింది. మరో ఆరేడు అమ్మవారు పోసినట్టు గుంటలు పడ్డాయి.

అప్పటికీ నేనేమీ అనలేదు. వడ్డన దగ్గర మాత్రం ఊరుకోలేకపోయాను. నున్నటి గుడ్లు ఏరి ఏరి మగవాళ్ళ పళ్ళాల్లో పడ్డాయి. తర్వాతివి పిల్లలకు. చివరికి వంటింట్లో మిగిలిన ఆడవాళ్ళ వంతుకు వచ్చినవి ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు, మీ ఇంట్లోనూ వాటిని తినేది మీరే కనక! ఐదో నెల నిండిన కోడలు పిల్ల పళ్ళెంలో పడ్డ గుడ్డు విరిచి చూస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ పట్టీ. "వాసనొస్తుందత్తమ్మా" అని ముక్కు మూసుకుని పక్కకు నెట్టేసింది.

"గుడ్డు ఉడకబెట్టడం రాకే కదే ఇదంతా" అన్నాను మరదలితో.

"గుడ్డు ఉడకవెట్టుడు గూడ ఒక విద్దెనా వదినె? ఎట్ల ఉడికితేంది, కడుపులకే గద! కోడిగుడ్డుకు ఈకలు పీకుతవు నువ్వు" అన్నది.

పీకుతానమ్మా, తప్పకుండా పీకుతాను. అన్నం మాడితే ఇల్లంతా గోల పెడతారు. పప్పులో ఉప్పెక్కువైతే ముఖాలు మాడ్చుకుంటారు. గుడ్డు చెడితే మాత్రం ఎవరూ నోరెత్తరు. ఎందుకంటే చెడ్డ గుడ్డు వాళ్ళ పళ్ళెంలోకి రాదు! వంట చేసినావిడే గుట్టుచప్పుడు కాకుండా తినేస్తుంది. ఇంటి ఇల్లాలు దీన్ని త్యాగమనుకుంటుంది. నేను మాత్రం పది నిమిషాలు గడియారం చూడని బద్ధకం అంటాను.

ఆ ఆకుపచ్చ పట్టీ ఏమిటంటారా? తెల్లసొనలో గంధకం ఉంది, పచ్చసొనలో ఇనుము ఉంది. ఎక్కువసేపు వేడి పెడితే రెండూ కలిసి ఐరన్ సల్ఫైడు అవుతుంది. విషమేమీ కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాని గంధకం వాసన కడుపుతో ఉన్న పిల్లకు ఎక్కడ సయిస్తుంది? "మా కోడలికి గుడ్డు పడదు" అని ఊరంతా చెప్పుకుంటారు. పడనిది గుడ్డు కాదు, మన అరగంట మంట. ఆ పిల్లకు పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాల్సిందే, కారేది పెట్టకూడదు. అయితే సొన డెబ్భై డిగ్రీల దగ్గరే గట్టిపడుతుంది. అందుకు పది నిమిషాలు చాలు. మిగిలిన ఇరవై నిమిషాలూ గ్యాసు దండగ, గుడ్డూ దండగే.

ఇది చిన్న విషయమని మీరనుకుంటే, తెలంగాణ ప్రభుత్వం 2015 జనవరి 1న మొదలుపెట్టిన ఆరోగ్యలక్ష్మి పథకాన్ని తలుచుకోండి. గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలో ఒక పూట నిండుభోజనం, పాలు, ఒక గుడ్డు. అక్కడే కూచోబెట్టి పెట్టాలన్నది పద్ధతి. ఇంటికి పట్టుకెడితే ఆ గుడ్డు ఎవరి నోట్లోకి పోతుందో మనకు తెలీదూ! ప్రభుత్వం అంత తంటాలుపడి ఆడదాని చేతికిచ్చిన గుడ్డును మన వంటింట్లో మనమే తినలేకుండా చేసుకోవడం ఏం న్యాయం? గుడ్డు పండించేవాళ్ళ సంగతీ చూడండి. ఒకప్పుడు దాని ధర చెప్పేది వ్యాపారి. కోళ్ళ రైతులందరినీ కూడగట్టి 1982లో ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ పెట్టించి, ధర చెప్పే హక్కు రైతు చేతికి తెచ్చినవారు మన తెలుగువాడైన బి.వి.రావుగారు. అన్ని చేతులు దాటి వచ్చిన గుడ్డు మన గిన్నెలో పడి పగిలిపోతోంది.

సరే, దెప్పడం అయింది. ఇక చెయ్యడం చెబుతాను.

మొదట గుడ్డు వయసు చూడాలి. నీళ్ళలో వేస్తే అడ్డంగా పడుకున్నది కొత్తది, నిలబడ్డది పాతది, పైకి తేలిందాన్ని వాడకండి. వింతేమిటంటే, మరీ కొత్త గుడ్డు వలవడానికి రాదు. ఇంట్లో నాటుకోడి పొద్దున పెట్టిన గుడ్డును మధ్యాహ్నం ఉడకబెట్టి, "పెంకు రాదేమే" అని తిట్టుకునే వాళ్ళను చూశాను. రోజులు గడిచేకొద్దీ పెంకులోని సన్నటి రంధ్రాల గుండా బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది, తెల్లసొన పుల్లదనం తగ్గుతుంది, పొర దాన్ని వదిలేస్తుంది. నాలుగైదు రోజులు ఆగండి. ఫ్రిజ్‌లోవైతే అరగంట ముందే బయట పెట్టండి.

గుడ్ల మీద అంగుళం ఎత్తు వచ్చేటన్ని నీళ్ళు ముందు విడిగా మరగనివ్వండి. ఒక చెంచా ఉప్పు వెయ్యండి. ఒకవేళ పగిలినా సొన అక్కడికక్కడే గడ్డకడుతుంది. వెడల్పు కొస దగ్గర గుండుసూదితో చిన్న పోటు పొడిస్తే లోపలి గాలి బయటికి పోయి, పగలడం తగ్గుతుంది. గరిటెతో ఒక్కొక్కటే దించి, మంట తగ్గించి, మొదటి రెండు నిమిషాలూ మెల్లిగా కలుపుతూంటే పచ్చసొన నడిమధ్యన నిలుస్తుంది. గడియారం చూసి పది నిమిషాలకు తీసెయ్యాలి. ముచ్చట్లు ఆ తర్వాత!

తీసినవి వెంటనే చన్నీళ్ళలో వెయ్యాలి. ఇక్కడో చిక్కుంది. మే నెలలో మల్లాపూర్లో మిద్దెమీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళల్లో గుడ్డు చల్లారడం కాదు, ఇంకాస్త ఉడుకుతుంది! రంజన్‌లోని నీళ్ళు పొయ్యండి. ఓసారి మార్చండి. చల్లారాక అరచేతికింద దొర్లించి, వెడల్పు కొస నుంచి నీళ్ళలోనే వలవండి. కుక్కర్లో పప్పుతోపాటు మూడు కూతలు పెట్టించే సోదరీమణులకు నేను చెప్పేదేమీ లేదు.

ఇంత చెప్పినా మరదలు నవ్వి, "పులుసుల ఎవలు జూస్తరు వదినె?" అన్నది. మాట నిజమే. పులుసులో ఎంత తప్పైనా దాగుతుంది. దాగని వంట ఏమిటా అని నేను చూస్తూంటే మేనల్లుడే దారి చూపించాడు.

"అత్తా, దుబాయిల మా హోటల్ల గుడ్లను నడిమికి కోసి, పచ్చసొన తీసి, కలిపి మళ్ల నింపుతరు. డెవిల్డ్ ఎగ్స్ అంటరు" అన్నాడు.

"దయ్యం గుడ్లా!" అని మరదలు గుండె మీద చెయ్యేసుకుంది. దయ్యమూ లేదు, భూతమూ లేదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో మిరియాలూ ఆవాలూ దట్టించి ఘాటుగా చేసిన వంటకు ఆ పేరు పెట్టారు. ఆ లెక్కన మా మరదలి పులుసు దయ్యాలకు పెద్దమ్మ!

అక్కడ మయొనైజ్ కలుపుతారట. పచ్చిగుడ్డుతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. జనం జబ్బుపడ్డాకే కదా ఆ పని చేసింది. మనకెందుకా గొడవ? పెరుగును గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీస్తే వెన్నలా వస్తుంది. ఆరు గుడ్లకు రెండు పెద్ద చెంచాలు. ఆవపిండి అర చెంచా కాసిని నీళ్ళతో తడిపి పది నిమిషాలు ఉంచితే ఘాటు లేస్తుంది. పచ్చసొనలు చిదిమి ఈ రెండూ, ఉప్పు, మిరియాలపొడి, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీర, నాలుగు చుక్కల నిమ్మరసం కలపండి. కడిగిన పాల కవర్లో నింపి, మూల కత్తిరించి పిండితే పువ్వుల్లా వస్తాయి. పైన చిటికెడు కారం. చేసినవి రెండు గంటలకు మించి బయట ఉంచకండి. మిగులుతాయన్న భయం ఉంటే ఫ్రిజ్‌లో పెట్టండి. మా ఇంట్లో ఆ భయం రాలేదు.

మరుసటి ఆదివారం మరదలు పన్నెండు గుడ్లకు సూది పట్టుకుని కూచుంది. గోడ గడియారం తెచ్చి వంటింట్లో పెట్టుకుంది. పదకొండు నున్నగా వచ్చాయి. ఇరవై రెండు చెక్కలు పెద్ద పళ్ళెంలో పేర్చి నడిమింట్లో పెట్టింది. మగా ఆడా తేడా లేకుండా అందరూ చుట్టూ కూచుని చేతికందింది తీసుకున్నారు. కోడలు పిల్ల మూడు తిని, నాలుగోదానికి చెయ్యి చాపింది.

పగిలిన పన్నెండోది మరదలు విడిగా గిన్నెలో వేసి మా తమ్ముడి ముందు పెట్టింది. వాడు దానికేసీ, పళ్ళెంకేసీ మార్చి మార్చి చూశాడు.

"గిదేందే, నాకు పల్గింది వెట్టినవ్?"

"ఎట్లుంటేంది, కడుపులకే గద" అన్నది.